కుట్టకూడని గాయం

వదిన తలుపు తట్టలేదు. తట్టినా లాభం లేదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. నేరుగా లోపలికి వచ్చి, తువ్వాలులో చుట్టిన కోడిని కోత బల్ల మీద పెట్టింది. బల్ల మీద ఎవరిదో ప్యాంటు గుడ్డ పరిచి ఉంది. తువ్వాలులోంచి దిగిన నెత్తురు సుద్దగీతల్లో ఒకదాన్ని చెరిపేసింది.

టైలరు మిషను ఆపాడు. వదిన అతని ఎదురుగా వచ్చి నిలబడింది. అతనితో మాట్లాడాలంటే అలాగే నిలబడాలి.

"నీ కుక్క చేసిన నిర్వాకం చూడు."

"బొత్తమా?"

"బొత్తం కాకపోతే నేనా? గూటి పక్కన ఇది పడి ఉంది. అది కూచుని నాకుతోంది. మూతంతా నెత్తురు. ఇంకేం సాక్ష్యం కావాలయ్యా నీకు?"

కుక్క వదిన వెనకే వచ్చి గడపలో ఆగింది. మూతి మీద నెత్తురు నిజమే. టైలరు దాని వంక చూస్తే అది తోక ఊపింది.

"పోయిన నెల కోడిపిల్లలు ఒక్కొక్కటే మాయమైపోయాయి. నోరు మూసుకున్నా. ఇది గుడ్లు పెట్టే పెట్ట. ఇక మూసుకోను," అంది వదిన. "ఒకటే మాట చెప్తున్నా. ఇది బతికిందా, నీ కుక్క ఉంటుంది. చచ్చిందా, ఆదివారం మీ అన్న క్వారీకి నీళ్ళు తోలతాడుగా, ఆ ట్యాంకరులో ఎక్కించి పంపించేస్తా. అప్పుడు నా కాళ్ళ మీద పడ్డా వినను."

"బతుకుతుంది వదినా," అన్నాడు టైలరు, తువ్వాలు ఇంకా విప్పకుండానే.

ఆ ఇల్లు టైలరు అన్నగారిది. రోడ్డు వైపు ముందుగది తమ్ముడికి ఇచ్చాడు. అదే అతని కొట్టు, అదే అతని పడక. అంతకు ముందు టైలరు బట్టల మిల్లులో పనిచేశాడు. హాలు నిండా మిషన్లు, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకటే మోత. ఎడమ చెవి పూర్తిగా పోయాక, కుడి చెవి సగం పోయాక మిల్లువాళ్ళు ఇంటికి పొమ్మన్నారు. సొంత కొట్టు పెట్టుకున్న కొత్తలో, వచ్చినవాళ్ళు గడపలో నిలబడి పిలిచి, పిలిచి, పొగరు అనుకుని పక్కవీధి టైలరు దగ్గరికి పోయేవాళ్ళు. వాళ్ళు వచ్చిన సంగతీ పోయిన సంగతీ అతనికి తెలిసేది కాదు.

కుక్క వచ్చాక అది మారింది. గుడ్డపీలికల కుప్పలో దూరి బొత్తాలు కొరుకుతూ దొరికిన పిల్ల అది, అందుకే ఆ పేరు. గడపలో మనిషి నిలబడితే వచ్చి, మిషను తొక్కుడు పలక మీదున్న అతని పాదం మీద కాలు వేస్తుంది. ఎవరూ నేర్పలేదు. ఒకసారి ఇస్త్రీపెట్టె గుడ్డ మీదే ఉండిపోయి పొగ లేస్తుంటే చొక్కా పట్టుకుని లాగింది. "వీడికి పెళ్ళాం లేని లోటు కుక్క తీరుస్తోంది," అనేవాడు అన్న. నిజానికి అది తీరుస్తున్నది చెవుల లోటు. అది పోతే కొట్టు పోతుంది. కొట్టు పోతే ముందుగదిలో అన్నావదినల తిండి తింటూ కూచోవాలి. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు.

టైలరు తువ్వాలు విప్పాడు.

గాయం కుడి రెక్క కింద ఉంది. చూపుడు వేలంత పొడవు. తోలు తెరుచుకుని లోపలి కండ కనపడుతోంది. కోడి కళ్ళు మూస్తూ తెరుస్తూ ఉంది. అతను పాత చొక్కా చెయ్యి ఒకటి కత్తిరించి అందులోకి కోడిని దూర్చాడు. తల ఒకవైపు, తోక ఒకవైపు. ఇక కొట్టుకోవడానికి వీల్లేదు. గాయం ఉన్నచోట గుడ్డకి కిటికీ కోశాడు. తల మీద ఇంకో పీలిక కప్పితే కోడి ఊరుకుంది. నీళ్ళు మరగబెట్టి, ఉప్పు వేసి, చల్లారాక పోశాడు. గాయం చుట్టూ ఈకలు పీకలేదు. పీకితే తోలు ఊడొస్తుందని వదిన చెప్పింది. చిన్న కత్తెరతో మొదళ్ళ దాకా కత్తిరించాడు.

"వేరే కోళ్ళ దగ్గరికి మాత్రం వదలకు," అంది వదిన. కోపం ఉన్నా అక్కడి నుంచి కదల్లేదు. "ఎర్రగా కనపడిందంటే పొడిచి పొడిచి తినేస్తాయి. వాటికి అక్కా లేదు, చెల్లీ లేదు."

"ఇక్కడే ఉంచుకుంటా."

"కుక్క పక్కనా? బాగుంది సంబడం."

"దాన్ని కట్టేస్తా."

మందుల షాపతను కోడికి మందేమిటని నవ్వలేదు. వాళ్ళింట్లోనూ కోళ్ళున్నాయి. గోధుమరంగు మందు ఒక సీసా, సూది తీసేసిన సిరంజి ఒకటి ఇచ్చాడు. టైలరు ఎదురుగా వంగి, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు.

"నీ పని నాకు తెలుసు కాబట్టి ముందే చెప్తున్నా మాస్టారూ. కుట్టకు. కుక్క కరిచింది అంటున్నావు, నోటి మురికి లోపలే ఉంటుంది. తెరిచే ఉంచు. రెండు పూటలా ఉప్పునీళ్ళు సిరంజితో కొట్టి కడుగు. ఈగ వాలకుండా చూసుకో. అడుగు నుంచి అదే పూడుకొస్తుంది. అర్థమైందా?"

టైలరు తలూపాడు. ప్రతి మాటా అర్థమైంది.

ఇంటికి వచ్చి గాయం వంక చూస్తూ కూచున్నాడు. తెరిచి వదిలేసిన చినుగు పెరుగుతుంది. ఇది అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. జేబు చివర గోరంత చిరిగితే ఆ రోజే కుట్టాలి, వారం ఆగితే ప్యాంటే పోతుంది. ముప్ఫై ఏళ్ళుగా అతని చేతులకి తెలిసినది అదొక్కటే. షాపతను మందులమ్మేవాడు, కుట్లు అతనికేం తెలుసు? పైగా తోలు అంచులు రెండూ పక్కపక్కకి తెస్తే ఎక్కడా ముడత లేకుండా, ఒకే తానులోంచి కోసిన ముక్కల్లా అతుక్కున్నాయి. ఇంత తేలిగ్గా అతుక్కునేదాన్ని తెరిచి పెట్టడానికి మనసు ఒప్పలేదు.

సన్నసూది మంటలో కాల్చాడు. పట్టుదారం మందులో తడిపాడు. కుట్టాడు. కోడి ఒక్కసారి మాత్రం ఒళ్ళు బిగించింది.

వదిన వచ్చి వంగి చూసింది. "నా జాకెట్టుకి కూడా ఇంత దగ్గర కుట్లు వెయ్యలేదు నువ్వు," అంది.

"నీ జాకెట్టు చావుబతుకుల్లో లేదు వదినా."

ఆమెకి నవ్వొచ్చింది, ఆపుకుంది. టైలరుకి లోపల గర్వంగానే ఉంది.

కోడిని గంపలో పెట్టి కోత బల్ల కింద ఉంచాడు. కుక్కని గదికి అటు చివర కిటికీ ఊచకి కట్టాడు. మర్నాడు కోడి నీళ్ళు తాగింది. ఉడికించిన గుడ్డు చిదిపి పెడితే తింది. "తన గుడ్డు తనే తింటోంది, మనకంటే నయం," అన్నాడు అన్న, డ్యూటీ దిగి వచ్చి గంపలోకి తొంగిచూసి. అన్న లావుపాటి మనిషి, ట్యాంకరు నడిపి నడిపి నడుము వంగదు. తమ్ముడి భుజం తట్టి, ఎదురుగా వచ్చి, "ఒరేయ్ చెవిటి మాలోకం, మీ వదిన సంగతి తెలుసుగా. ఒకసారి అన్నదంటే మాట తప్పదు. పెట్ట బతకాలని దణ్ణం పెట్టుకో," అన్నాడు.

"నువ్వు చెప్పొచ్చుగా అన్నా."

"నేనా? ఈ ఇంట్లో పుంజుని 'పెద్దాయన' అంటుంది, లేచారా, తిన్నారా అంటుంది. నన్ను 'ఇదిగో' అంటుంది. నా మాట ఎవడు వింటాడురా?"

ఆ తర్వాత కోడి తినడం తగ్గించింది. టైలరు రోజూ రెండు పూటలా మందు పూశాడు, కుట్ల మీద. కుట్లు చెక్కుచెదరలేదు. వాటి చుట్టూ తోలు ఉబ్బింది. గట్టిపడుతోంది, మానుతున్నట్టే అనుకున్నాడు.

కుక్క కుదురుగా ఉండటం మానేసింది. తాడు తెగేలా గంప వైపు లాగేది. ముక్కు ముందుకి చాపి, గంపని చూసి, అతన్ని చూసి, మళ్ళీ గంపని చూసేది. కట్టు విప్పితే గడపలోకి పోకుండా వచ్చి అతని పాదం మీద కాలు వేసింది. గడపలో చూస్తే ఎవరూ లేరు. మళ్ళీ వేసింది. నెత్తురు రుచి మరిగింది, మిగిలింది కూడా తినాలని చూస్తోంది అనుకున్నాడు. మూతి మీద కొట్టాడు. అంతకు ముందు దాన్ని ఎప్పుడూ కొట్టలేదు. మళ్ళీ కిటికీకి కట్టేశాడు.

ఆదివారం తెల్లవారి లేచేసరికి కుక్క తాడంత దూరమూ వచ్చి గంపకేసి నేల గీరుతోంది. గది గచ్చు మీద దాని గోళ్ళ గీతలు పడ్డాయి. టైలరు విసిగిపోయాడు. దాన్ని బయటికి ఈడ్చుకుపోయి గేటు స్తంభానికి కట్టి, తలుపు మూసి గడియ పెట్టాడు.

గంప దగ్గరికి వంగినప్పుడు వాసన తగిలింది.

కోడి తల రెక్కలో పెట్టుకుని ఉంది. చొక్కా చెయ్యి విప్పాడు. కుట్ల సందున ఒకచోట తడి. ఆ తడి మీద ఈగ. ఈగని తోలాడు. తోలి, ఆ చోటు వేలితో ఒత్తాడు. రెండు కుట్ల మధ్య నుంచి చీము వచ్చింది. చీముతో పాటు తెల్లగా ఒకటి కదిలింది.

 అతను స్టవ్ వెలిగించి నీళ్ళు పెట్టాడు. కుట్లు విప్పే కత్తి తీసి ఒక్కో కుట్టూ తెంపాడు. అతను వేసిన కుట్లే, తెంపడానికి కష్టమైనంత దగ్గరగా ఉన్నాయి. చివరి కుట్టు తెగ్గానే తోలు తనంతట తనే తెరుచుకుంది. లోపల ఒక గుంట. పురుగులు. దారపుకొసలు లాగే పట్టకారుతో వాటిని ఏరి ఉప్పునీళ్ళ గిన్నెలో వేశాడు. సిరంజితో నీళ్ళు కొట్టాడు, మళ్ళీ ఏరాడు, మళ్ళీ కొట్టాడు. నీళ్ళు తేటగా వచ్చేదాకా కొట్టాడు. ఎంతసేపు పట్టిందో అతనికి తెలియదు. ఆ పనిలో ఉన్నంతసేపూ తల ఎత్తలేదు. కోడి బతికే ఉంది. వేలి కింద దాని గుండె కొట్టుకుంటోంది.

శుభ్రం చేశాక గాయం పై కొస కనపడింది. అక్కడ వాపు చేరలేదు. తోలు అంచు మొదటిరోజు ఎలా ఉందో అలాగే ఉంది. టైలరు దాన్ని వెలుతురు వైపు తిప్పాడు.

అది చినుగు కాదు, కోత.

చిరిగిన అంచుకి పీచు తేలుతుంది, కోసిన అంచుకి తేలదు. గుడ్డకైనా తోలుకైనా తేడా లేదు. పంటితో పట్టి లాగితే ముడత లేకుండా అతుక్కోదు. కోడిని తిప్పి, పొట్ట కింద, వీపు మీద, ఎడమ రెక్క కింద వెతికాడు. నోటికి రెండు దవడలుంటాయి. కుక్క కరిస్తే రెండోవైపు పళ్ళు దిగాలి. ఎక్కడా ఒక్క పంటి గాటు లేదు.

కోడిని గంపలో పెట్టి గుడ్డ కప్పి, పెరటి తలుపు తీసుకుని గూటి దగ్గరికి వెళ్ళాడు. వదిన కోళ్ళకి గింజలు చల్లుతోంది. అతను వంగి ఒక పెట్టని పట్టుకుని రెక్క ఎత్తాడు. ఏమీ లేదు. ఇంకోదాన్ని పట్టుకున్నాడు. వీపు మీద ఈకలు రాలి తోలు కనపడుతోంది. కుడి రెక్క కింద అదేచోట గీత, మానిపోయి, నల్లగా పక్కు కట్టింది.

"ఏంటయ్యా పొద్దున్నే, నా కోళ్ళ మీద పడ్డావు?" వదిన ఎదురుగా వచ్చింది.

"ఇది చూడు వదినా. దీన్ని కూడా నా కుక్కే కరిచిందా?"

వదిన గీత చూసింది. "ఇదెప్పుడయింది?"

"పుంజుని పట్టుకో."

"పెద్దాయన్నా? పెద్దాయన జోలికి రాకు. ఆయన అలాంటివారు కాదు."

"పట్టుకో వదినా. ఒక్కసారి."

ఆమె పట్టుకుంది. పుంజు ఆమె చేతిలో బుద్ధిగా ఉంటుంది. టైలరు దాని కాలు చాపాడు. కాలి వెనక ముల్లు అతని బొటనవేలంత ఉంది, కొస పైకి తిరిగి. పెట్ట మీద ఎక్కినప్పుడల్లా ఆ ముల్లు ఎక్కడ దిగుతుందో చూపించడానికి, దాని కాలిని పెట్ట ఒంటి మీద ఆనించాడు. ముల్లు కొస గీత మీదే నిలిచింది.

వదిన కాసేపు ముల్లునే చూసింది. వేలితో ముట్టుకుంది.

"మరి కుక్క మూతికి నెత్తురు?"

"నాకుతోంది అన్నావుగా. నాకింది. అంతే."

ఆమె పుంజుని నేల మీదికి దించింది. ఎప్పుడూ మెల్లగా దించేది, ఇప్పుడు వదిలేసింది. "పెట్ట ఎలా ఉంది?" అని అడిగింది.

"కుట్టాను కదా. లోపల కుళ్ళింది. కుట్టొద్దని షాపతను చెప్పాడు, నేనే వినలేదు. ఇప్పుడు విప్పి కడిగాను. బతుకుతుందో లేదో తెలీదు. చస్తే నా చేతిలో చచ్చినట్టే వదినా. బొత్తం తప్పు లేదు."

వదిన చేతులు కొంగుకి తుడుచుకుంది. "సరే. నేనన్న మాట నేనే వెనక్కి తీసుకుంటున్నా. పెట్ట చచ్చినా నీ కుక్క ఉంటుంది. మీ అన్నకి నేను చెప్తాలే. పోయి దాని కట్టు విప్పు."

టైలరు ఇంటి పక్క సందులోంచి గేటు దగ్గరికి వచ్చాడు. స్తంభానికి తాడు లేదు. తెగిన ముక్క కూడా లేదు. రోడ్డు మీద ట్యాంకరు నిలిపేచోట నీళ్ళు కారిన మరక ఉంది, ట్యాంకరు లేదు.

వెనకే వచ్చిన వదిన అది చూసింది. ఫోను తీసింది. మొదటిసారి అన్న ఎత్తలేదు. రెండోసారి ఎత్తలేదు. టైలరు ఆమె పెదాల మీదే చూపు పెట్టి నిలబడ్డాడు. మూడోసారి పెదాలు కదిలాయి. "ఎక్కడున్నావు? కుక్క ఏది?" ఆ తర్వాత చాలాసేపు కదల్లేదు. ఫోను కిందికి దించి అతని ఎదురుగా నిలబడింది.

"వదిలేశాడట," అంది. "గేటుకి కట్టేసి ఉంటే పెట్ట చచ్చిందని, నువ్వే సిద్ధం చేసి పెట్టావని అనుకున్నాడట. తలుపు తట్టాడట, చాలాసార్లు. నువ్వు తియ్యలేదు. కుక్క మొరుగుతూనే ఉందట. అయినా తియ్యలేదంటే నీకు చూడటం ఇష్టం లేదనుకున్నాడట."

టైలరు మూసి ఉన్న తలుపు వంక చూశాడు.

"వెనక్కి వస్తున్నాడు," అంది వదిన. "నువ్వు వెళ్ళు. పెట్టని నేను కడుగుతా. సిరంజి ఎక్కడుందో చెప్పు."

అన్న గేటు దగ్గర ఇంజను ఆపకుండానే తలుపు తీశాడు. తమ్ముడు ఎక్కాడు. దారి పొడుగునా అన్న మాట్లాడుతూనే ఉన్నాడు. స్టీరింగు మీద చెయ్యి కొడుతూ, రోడ్డు వైపే చూస్తూ. ఇంజను మోతలో టైలరుకి ఒక్క మాటా వినపడలేదు. అడగలేదు. సీటు కింద తాడు చుట్టి ఉంది. కుక్కని దింపేటప్పుడు అన్న దాన్ని విప్పి, జాగ్రత్తగా చుట్టి పెట్టాడు.

క్వారీకి తిరిగే మలుపులో ఒక టీ కొట్టు ఉంది. అన్న అక్కడ ఆపి, తమ్ముడి వైపు తిరిగి, "ఇక్కడే దింపా. లారీలు ఆగుతాయి, తినగా మిగిలింది పారేస్తారు, తిండికి లోటుండదనుకున్నా," అన్నాడు.

టీ కొట్టు ఆమె బయటికి వచ్చింది. "ఆ కుక్కేనా? నువ్వు బండి తీయగానే వెనకే పరిగెత్తింది కదయ్యా. చూడలేదా?"

 ఆమె పెదాల నుంచి ఆ మాట టైలరుకి అందింది. "ఎటు?" అని అడిగాడు. ఆమె క్వారీ వైపు చెయ్యి చూపించింది. ఆ రోడ్డు మీద కంకర లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. దుమ్ములో వెనక లారీకి ముందు లారీ కనపడటం లేదు.

ట్యాంకరుని మెల్లగా నడుపుకుంటూ పోయారు. టైలరు ఎడమవైపు చూశాడు, అన్న కుడివైపు. కంకర గుట్టలు, పాత టైర్లు, ఎండిన కాలువ. కొంత దూరం పోయాక టైలరు అన్న చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, బండి ఆపు. చూస్తే కనపడదు. ఇంజను ఆపి విను. మొరుగుతుందేమో."

అన్న ఇంజను ఆపాడు. దిగి రోడ్డు పక్కన నిలబడ్డాడు. టైలరు కూడా దిగి, అన్న ముఖం కనపడేలా ఎదురుగా నిలబడ్డాడు. నోటి చుట్టూ చేతులు పెట్టి "బొత్తం" అని పిలిచాడు. తన గొంతు ఎంత దూరం పోతుందో అతనికి తెలియదు. మళ్ళీ పిలిచాడు. అన్న తల ఒకవైపు వంచి విన్నాడు. ఒక లారీ పోయింది. దుమ్ము అణిగేదాకా ఆగి, మళ్ళీ విన్నాడు.

"ఏమన్నా వినపడుతోందా?"

అన్న తల అడ్డంగా ఊపాడు.

"సరిగ్గా విన్నావా?"

"విన్నానురా."

అన్న కళ్ళు తుడుచుకున్నాడు. దుమ్ము పడిందేమో, టైలరు అడగలేదు. మళ్ళీ చేతులు నోటి చుట్టూ పెట్టుకున్నాడు.

"మళ్ళీ పిలుస్తా," అన్నాడు. "నువ్వు విను."